సగం చూసిన నాటకం

"మీరు ప్రమోద్ గారే గదా? ఆదివారం పేపర్ల 'చూసింది చూసినట్టు' రాస్తరు?"

ప్రమోద్ చేతిలోని ఇడ్లీ ముక్క చట్నీలోకి జారింది. అమీర్‌పేట మెట్రో స్టేషన్ కింద టిఫిన్ బండి చుట్టూ నిలబడి తినే జనంలో, తనను ఒకరు పేరు పెట్టి పలకరించడం ఆరేళ్లలో ఇదే మొదటిసారి. కాలమ్ పక్కన వేసే తపాలా బిళ్లంత ఫోటో కూడా పనికొస్తుందన్నమాట!

"అవునండీ, నేనే," అన్నాడు గొంతు సవరించుకుని. జుట్టు కూడా సవరించుకున్నాడు.

ఆమెకు ఇరవై ఏడో ఎనిమిదో ఉంటాయి. మెడలో ఐడీ కార్డు, చేతిలో ఉప్మా ప్లేటు. కళ్లు మాత్రం ఉప్మా మీద లేవు, సూటిగా అతని మీదే ఉన్నాయి.

"మొన్న పంజాగుట్టల 'లైన్‌లో ఉండండి' నాటకానికి వచ్చిండ్రు గదా?"

"వచ్చానండీ. రివ్యూ కూడా రాశాను. చదివారా?"

"చదివిన. 'రెండో సగం సాగదీశారు' అని రాసిండ్రు."

"అవునండీ. కొంచెం ట్రిమ్ చేస్తే బాగుండేది. అంటే, నా ఉద్దేశం..."

"ఇంటర్వెల్‌కే లేచి పోయిండ్రు గదా సార్. రెండో సగం యాడ చూసిండ్రు?"

దోసె పెనం మీద నీళ్లు చల్లినట్టు అతని లోపల ఏదో చుయ్యిమంది.

"మీరు... ఆ రోజు హాల్లో ఉన్నారా?"

"ఉన్న. స్టేజ్ మీద."

ఆమె ఐడీ కార్డు అతని వైపు తిప్పింది. నవీన, స్టూడెంట్ కౌన్సెలర్ అని ఉంది. కింద ఒక సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టిట్యూట్ పేరు.

"'కథానాయిక గొంతు ఎంక్వైరీ కౌంటర్‌లో అమ్మాయి గొంతులా ఉంది' అని సుత రాసిండ్రు. గా నాయిక నేనే. ఎంక్వైరీ కౌంటర్ల కూసునేది సుత నేనే. గా ఒక్కటైతే కరెక్ట్ రాసిండ్రు."

ప్రమోద్ ఆమె మొహంలోకి పరీక్షగా చూశాడు. స్టేజ్ మీది మేకప్ లేకపోవడంతో ఇందాకటి నుంచి గుర్తే పట్టలేదు.

నవీన ప్లేటు టబ్బులో పడేసి, చేతులు కడుక్కుని, దుపట్టాకు తుడుచుకుంది. "కాలమ్ పేరు మార్చుండ్రి సార్. 'చూడంది చూసినట్టు' అని పెట్టుండ్రి," అని చెప్పి జనంలో కలిసిపోయింది.

*

ప్రమోద్‌కు ముప్పై మూడేళ్లు. ఊరు రామచంద్రపురం. పంజాగుట్టలో ఒక అనువాదాల ఆఫీసులో ఉద్యోగం. మందుల పెట్టెల్లో మడిచి పెట్టే కాగితాలను ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మారుస్తాడు. 'భోజనం తర్వాత వాడవలెను' అన్న వాక్యం కొన్ని వేల సార్లు రాసి ఉంటాడు. బల్కంపేట వైపు వెళ్లే సందులో మూడో అంతస్తు గది. రాజమండ్రిలో ఉన్న అక్కతో ఫోన్లు తగ్గిపోయాయి. గొడవలేం లేవు, ఆమెకు తీరికా లేదు, ఇతనికి చెప్పడానికి కొత్త సంగతులూ లేవు.

అతనికి ఉన్నవల్లా సాయంత్రాలు. నాటకం ఉంటే నాటకం, కచేరీ ఉంటే కచేరీ, ఏదీ లేకపోతే పుస్తకావిష్కరణ. పుస్తకావిష్కరణ సభల్లో పుస్తకాన్ని తప్ప అన్నిటినీ ఆవిష్కరిస్తారని ఒకసారి రాశాడు. కచేరీలో తాళం తప్పు వేసేవాళ్ల మొహాల్లోనే ఎక్కువ ఆనందం కనిపిస్తుందని ఇంకోసారి రాశాడు. పాట కన్నా, పాటకు ముందు తంబూరా శ్రుతి కలిపే ఐదు నిమిషాలు అతనికి ఇష్టం. అప్పటికింకా ఎవరూ తప్పు పాడి ఉండరు.

కష్టమంతా కార్యక్రమం అయిపోయాకే. హాలు బయట మిగతావాళ్లు ఇద్దరిద్దరుగా, నలుగురు నలుగురుగా నిలబడి వాదించుకుంటారు. "ఆ సీను అదిరింది కదా!" "ఏం అదిరింది, నీ మొహం!" ప్రమోద్ మాత్రం తన అభిప్రాయాన్ని గొంతులోనే పెట్టుకుని, పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా మెట్రో స్తంభాలు లెక్కపెట్టుకుంటూ నడుస్తాడు. గదికి చేరేసరికి అది కాలమ్ అవుతుంది. పక్కన నడిచే మనిషి ఉంటే అతను ఆ కాలమ్ ఒక్క వారం కూడా రాసి ఉండేవాడు కాదు.

ఆ నాటకం రోజు ఏం జరిగిందో అతను ఎవరికీ చెప్పలేదు.

ఆ పొద్దున అతను ఫోన్ కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాడు. పని ఒక్క నిమిషంలో అయిపోయింది. "ఇంకేమైనా సహాయం కావాలా సార్?" అంది అవతలి అమ్మాయి. ఆ ప్రశ్న అతన్ని అంత ఆప్యాయంగా ఎవరూ అడిగి చాలా రోజులైంది. దాంతో లేని సందేహాలు పుట్టించాడు. ప్లాన్ ఎన్నాళ్లు వస్తుంది, ఊరు మారితే ఏమవుతుంది, మీ దగ్గర వర్షం పడుతోందా. పదకొండు నిమిషాలు.

సాయంత్రం నాటకంలో, మొదటి సగం చివర, ఒంటరిగా ఉండే ఒకామె సరిగ్గా అదే పని చేసింది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి, ఏ భావమూ లేని గొంతుతో, ఒకదాని తర్వాత ఒకటి అక్కర్లేని ప్రశ్నలు అడుగుతూ పోయింది. హాలంతా నవ్వింది. వెనక సీట్లో ఎవరో, "ఇలా ఎవరు చేస్తారే బాబూ, మరీ ఓవర్!" అన్నారు.

ప్రమోద్ చెవులు మండిపోయాయి. లైట్లు వెలగగానే లేచాడు. ఆ రాత్రికే రివ్యూ పంపాలి. నమ్మశక్యంగా లేదని, నటి గొంతులో జీవం లేదని, రెండో సగం సాగదీశారని రాసి పంపేశాడు.

*

గురువారం ఆఫీసు అయ్యాక, అమీర్‌పేటలో ఆ ఇన్‌స్టిట్యూట్ వెతుక్కుంటూ వెళ్లాడు. ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న బోర్డుల మధ్య దాన్ని పట్టుకోవడానికి పావుగంట పట్టింది. రెండో అంతస్తులో కౌంటర్ వెనక నవీన. ముందు లైన్. ప్రమోద్ లైన్లో నిలబడ్డాడు.

"చెప్పుండ్రి సార్, ఏ కోర్స్?" అంది తల ఎత్తకుండానే.

"క్షమాపణ చెప్పడానికి వచ్చానండీ."

తల ఎత్తింది. "గా కోర్స్ మా దగ్గర లేదు సార్. డేటా సైన్స్ ఉంది, టెస్టింగ్ ఉంది."

"నవీన గారూ, ఒక్క ఐదు నిమిషాలు..."

"డెమో క్లాస్ శనివారం. ఎనక లైన్ ఉంది, జర పక్కకు జరుగుండ్రి."

లైన్లో ఉన్న కుర్రాళ్లు కిసుక్కున నవ్వారు. ప్రమోద్ వెళ్లి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. నలభై నిమిషాలు. ఒక పెద్దాయన వచ్చి జావా కోర్సు గురించి ప్రతి చిన్న విషయమూ అడిగాడు. నవీన విసుక్కోకుండా అన్నీ చెప్పింది, మంచినీళ్లు కూడా తెప్పించి ఇచ్చింది. ఆయన వెళ్లాక కౌంటర్ మూసేసి ప్రమోద్ ఎదురుగా వచ్చి కూర్చుంది.

"ఇగ చెప్పుండ్రి."

"తప్పు చేశానండీ. చూడకుండా రాశాను. సారీ."

"సారీతోని ఏమైతది? మీ రివ్యూ చూసి వసుమతి మేడం, మా డైరెక్టర్, వచ్చే షోకు నా పాత్ర మా ట్రూపుల రవళికి ఇచ్చింది. ఇచ్చినా నాకు ఫికర్ లేదు, రవళి మంచిగనే చేస్తది." ఆమె ఐడీ కార్డు తాడును వేలికి చుట్టుకుంటూ ఆగింది. "మా బాపు బోరబండల ఆటో నడుపుతడు. పేపర్ల నా పేరు వస్తదని పొద్దుగాల్నే నాలుగు కాపీలు తెచ్చిండు. చదివిండు. ఒక్క మాట మాట్లాడకుంట నాలుగు మడిచి బియ్యం డబ్బా ఎనక దాసిండు, నేను చూడొద్దని. నేను అప్పటికే ఫోన్ల చూసిన. ఇప్పటిదాక చూడనట్టే యాక్టింగ్ చేస్తున్న. గీ యాక్టింగ్ మీద రివ్యూ రాయుండ్రి."

ప్రమోద్ తల వంచుకున్నాడు. "నేనేం చేయగలను?"

"శనివారం మధ్యాహ్నం పంజాగుట్ట స్కూల్ హాల్ల రిహార్సల్ ఉంది. రవళికి రెండో సగం నేనే చేసి చూపియ్యాలె. వచ్చి చూడుండ్రి. చూసినంక చెత్తగుందంటే చెత్తగుందనే రాయుండ్రి. చూసి రాయుండ్రి, గంతే."

*

శనివారం వాన దంచి కొట్టింది. స్కూల్ హాల్లో రేకుల మీద చప్పుడుకు మాట వినాలంటే చెవి రిక్కించాల్సి వస్తోంది. వసుమతి మేడం ప్రమోద్‌ను చూసి ముఖం చిట్లించారు కానీ వెళ్లమనలేదు. రవళి నోట్‌బుక్ పట్టుకుని ముందు బెంచీలో కూర్చుంది. లైట్లు లేవు, మేకప్ లేదు. ఇన్‌స్టిట్యూట్ నుంచి నేరుగా వచ్చిన నవీన, మధ్యలో ఒక కుర్చీ వేసుకుని మొదలుపెట్టింది.

రెండో సగంలో ఆ ఒంటరి ఆమెకే ఒక రాంగ్ నంబర్ వస్తుంది. అవతల ఎవరో ముసలాయన, వేరే ఎవరో అనుకుని మాట్లాడతాడు. "రాంగ్ నంబర్" అని చెబితే ఫోన్ పెట్టేస్తాడు. ఆమె చెప్పదు. మొదట పొడి పొడిగా "ఊఁ" అంటుంది. తర్వాత "అవునా?" అంటుంది. ఆ "అవునా" దగ్గర నవీన గొంతు మొదటిసారి కదిలింది. మొదటి సగమంతా బిగుసుకుపోయి ఉన్న ఆ గొంతు, మాట మాటకూ మెత్తబడుతూ, చివరికి నవ్వుగా మారింది. ఎన్నో ఏళ్లుగా నవ్వని మనిషి నవ్వు అది. నవ్వడం మర్చిపోయి, ఎలాగో గుర్తు తెచ్చుకుంటున్నట్టుంది.

అప్పుడు అర్థమైంది ప్రమోద్‌కు. ఈ నవ్వు ఇలా వినపడాలంటే, ముందు ఆ గొంతు అలా చచ్చిపోయి ఉండాల్సిందే. అతను జీవం లేదని రాసింది, ఆమె కష్టపడి తీసేసిన జీవం గురించి.

రవళి నోట్‌బుక్‌లో ఏమీ రాసుకోలేదు. ప్రమోద్ కూడా.

వాన తగ్గలేదు. ఇద్దరూ పరుగున వచ్చి మెట్రో వంతెన కింద, చాయ్ బండి దగ్గర నిలబడ్డారు. నవీన జుట్టు నుంచి నీళ్లు కప్పులోకి కారుతున్నాయి. ఆమె పట్టించుకోలేదు.

"చెప్పుండ్రి, సాగదీసినమా?"

"లేదండీ. ఇంకో గంట ఉన్నా చూసేవాణ్ని."

"మరి ఆనాడు ఎందుకు పోయిండ్రు? బాగలేదని పోలే మీరు. నాకు తెలుసు." నవీన కప్పు దించింది. "స్టేజ్ మీదికెళ్లి మొదటి మూడు వరుసలు కనిపిస్తయి. కస్టమర్ కేర్ సీనుల హాలంత నవ్విండ్రు. మీరొక్కరే నవ్వలే. కండ్లద్దాలు తీసి తుడుసుకున్నరు, రెండుసార్లు. గందుకే ఆ సీను మొత్తం మీదిక్కు చూసుకుంటనే చేసిన. ఇంటర్వెల్ అయినంక చూస్తె కుర్చీ ఖాళీ. ఎవరి కోసం చేయాల్నో తెల్వలే."

ప్రమోద్ తన కప్పు బండి మీద పెట్టాడు. తర్వాత చెప్పేశాడు. ఆ పొద్దుటి ఫోన్, లేని సందేహాలు, పదకొండు నిమిషాలు, వెనక సీట్లోని మాట. చెబుతున్నంతసేపూ ఆమె వైపు చూడలేదు. ఎప్పుడు నవ్వుతుందా అని చెవులు మాత్రం అటే ఉన్నాయి.

నవీన నవ్వలేదు.

"ఆనాడు కౌంటర్ కాడ ఒక పెద్దమనిషిని చూసిండ్రు గదా, జావా కోర్స్ అడిగెటాయన? రోజు వస్తడు. మనుమడి కోసమంటడు. మనుమడు లేడు. నాకు ఎరుకే. అయినా రోజు మొదటికెళ్లి చెప్త." చాయ్ తాగేసి కప్పు పడేసింది. "గా సీను నేను ఆయనను చూసి నేర్చుకున్న. మస్తు మంది ఉన్నరు ప్రమోద్ గారు. మీరొక్కరే అనుకుంటున్నరా?"

మెట్రో రైలు ఒకటి తలల మీదుగా వెళ్లింది. ఆ చప్పుడు ఆగేదాకా ఇద్దరూ ఒకరినొకరు చూస్తూ ఊరుకున్నారు. చప్పుడు ఆగాక నవీన అతని ఫోన్ తీసుకుని, తన నంబర్ కొట్టి ఇచ్చింది.

*

"అన్నా, పరేషాన్ చేస్తున్నవ్!" ఆదివారం పేజీలు చూసే విజయేందర్ ఫోన్‌లో మొత్తుకున్నాడు. "సవరణ అని రెండు లైన్లు వేస్తం, ఖతం. గింత పెద్దగ 'నేను ఇంటర్వెల్‌కే వెళ్లిపోయాను' అని రాస్తరా ఎవరన్న? పైన సార్ చూస్తే కాలమ్ పోతది."

"పోనీ."

"ఆరేళ్ల సంది రాస్తున్నవ్."

"ఆరేళ్లు నమ్మి చదివినవాళ్లకు చెప్పొద్దా, విజయేందర్? నటి గొంతు గురించి నేను రాసింది అబద్ధం. రెండు లైన్లలో చెబితే అదీ సగమే అవుతుంది. ఉన్నదున్నట్టు వెయ్యి."

వేశాడు. ప్రమోద్ అన్నీ రాశాడు. ఎందుకు లేచిపోయాడో, ఏం చూడలేదో, తర్వాత వాన చప్పుడులో ఏం చూశాడో, ఏం విన్నాడో. చివర సన్న అక్షరాల్లో పత్రిక వాళ్లు ఒక ముక్క కలిపారు: 'ఈ శీర్షిక ఇంతటితో సమాప్తం.'

నవీన నుంచి ఫోన్ రాలేదు. ఆదివారం రాలేదు, సోమవారం రాలేదు. తనే చేద్దామని నాలుగుసార్లు నంబర్ తీశాడు. ఆమె పని అయిపోయింది, మాట కోసం ఇంకా వెంటపడితే బాగుండదనుకున్నాడు. టిఫిన్ బండి కూడా మార్చేశాడు, ఎదురుపడి ఇబ్బంది పెట్టడం దేనికని.

బుధవారం సాయంత్రం అలవాటు కొద్దీ ఒక వీణ కచేరీకి వెళ్లాడు. వెనక వరుసలో కూర్చుని విన్నాడు. బాగా వాయించారు. ఒకచోట మరీ బాగా వాయించారు. బయటికొచ్చి నడక మొదలుపెట్టాడు. గొంతులో మాట ఉంది. రాయడానికి కాలమ్ లేదు. గది తలుపు తీసి లైటు వేసి, మంచం మీద కూర్చుని, ఆ మాట అలాగే పెట్టుకుని పడుకున్నాడు. ఇన్నేళ్లలో అంత పొడవైన నడక ఎప్పుడూ నడవలేదనిపించింది.

*

"బండి మార్చినవా?"

శుక్రవారం పొద్దున, కొత్త బండి దగ్గర, వెనక నుంచి గొంతు. ప్రమోద్ తిరిగి చూశాడు. నవీన నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"మూడు దినాల సంది గా బండి కాడ నిలబడి నిలబడి కాళ్లు పోయినయి. రోజు ఉప్మానే తింటున్న నీ కోసం!"

'మీ' కాదు, 'నీ' అంది. ప్రమోద్ విన్నాడు.

"మీరు ఫోన్ చేయలేదని... కోపం వచ్చిందేమో అని..."

"వచ్చింది. మస్తు వచ్చింది."

"నిజమే రాశాను కదండీ!"

"గదే కోపం!" ఆమె గొంతు పెరిగింది. ఇడ్లీలు తింటున్న ఇద్దరు ముగ్గురు ఇటు తిరిగారు. ఆమె గొంతు తగ్గించింది. "గా కస్టమర్ కేర్ ముచ్చట నాకు చెప్పినవ్. వానల, చాయ్ తాగుకుంట. నాకొక్కదానికే చెప్పినవనుకున్న. ఆదివారం చూస్తె హైదరాబాద్ మొత్తానికి చెప్పినవ్!"

ప్రమోద్‌కు నవ్వొచ్చింది. నవ్వితే ఇంకా కోప్పడుతుందని ఆపుకున్నాడు. ఆగలేదు.

"నవ్వకు. పాత్ర మళ్ల నాకే వచ్చింది. రవళి తనంతట తానే మేడంకు చెప్పిందట, 'నవీన చేసింది చూసినంక నేను చేయలేను' అని." కాసేపు ఐడీ కార్డు వంక చూసుకుంది. "మా బాపు నిన్ను పట్టుకరమ్మన్నడు. ఆదివారం పొద్దుగాల."

"కొడతారా?"

"తెల్వదు. చేయి మాత్రం జర భారం," అంది నవీన సీరియస్‌గా.

*

బోరబండలో ఇల్లు రెండు గదులు. వాకిట్లో ఆటో కడిగి ఆరబెట్టి ఉంది. నవీన తండ్రి మొగిలయ్య పొడుగ్గా, తెల్ల మీసాలతో, మంచం మీద కూర్చుని ఉన్నాడు. తల్లి స్వరాజ్యం వంటగది గుమ్మంలోంచి ఒకసారి చూసి లోపలికి వెళ్లింది. ప్రమోద్ తెచ్చిన బత్తాయిల సంచీ ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్లోనే పెట్టుకుని, మంచం కొసన కూర్చున్నాడు.

"రాసినోనివి నువ్వేనా?"

"నేనేనండీ. రెండూ నేనే రాశాను. మొదటిదానికి క్షమించండి."

మొగిలయ్య భుజం మీది తువ్వాలు తీసి పక్కన పెట్టాడు. "మొదటిది చదివినప్పుడు నీ మీద మస్తు కోపమొచ్చింది. రెండోది చదివినంక రెండు దినాలు ఆటో తియ్యలే. ఎందుకో తెల్వదు. బిడ్డ కొలువు కాడికెళ్లి వస్తది, తింటది, పంటది. గింత మంచిగ నాటకమాడుతదని నాకెవ్వరు చెప్పలే." మీసం దువ్వుకున్నాడు. "ఇప్పుడు ఏ పేపర్ల రాస్తున్నవ్?"

"ఏ పేపర్లోనూ లేదండీ. ఆ శీర్షిక ఆపేశారు."

"మరి నాటకాలకు పోవుడు బంద్ చేసినవా?"

"లేదండీ, వెళ్తున్నాను."

"పోయి చూస్తవ్. చూసినంక కడుపుల ముచ్చట ఎవరికి చెప్తవ్?"

ప్రమోద్ బత్తాయిల సంచీ వంక చూస్తూ కూర్చున్నాడు.

"నాకు చెప్తడు బాపూ."

నవీన మంచినీళ్ల గ్లాసుతో గుమ్మంలో నిలబడి ఉంది. మాట అనేశాక తనే ఉలిక్కిపడ్డట్టు గ్లాసును గట్టిగా పట్టుకుంది. వంటగదిలో గరిటె చప్పుడు ఆగిపోయింది. మొగిలయ్య కూతుర్ని చూశాడు, ప్రమోద్‌ను చూశాడు, మళ్లీ కూతుర్ని చూశాడు. ఆ చూపుకు ఆమె తల దించలేదు.

"గట్ల కొసకు కూసున్నవేంది బిడ్డా," అన్నాడు మొగిలయ్య ప్రమోద్‌తో, మంచం మీద పక్కకు ఒదిగి. "పడ్తవ్. లోపలికి జరుగు."

ప్రమోద్ జరిగాడు. వంటగదిలో గరిటె మళ్లీ కదిలింది.

నవీన గ్లాసు చేతికిచ్చి, కింద గోడకు ఆనుకుని కూర్చుంది. "గీ వారంల యాడికన్న పోయినవా?" అని అడిగింది.

"వీణ కచేరీకి వెళ్లాను."

"ఎట్లుండె?"

ప్రమోద్ చెప్పడం మొదలుపెట్టాడు. మొదట తడబడ్డాడు, తర్వాత చేతులు కూడా తిప్పుతూ చెప్పాడు. స్వరాజ్యం వచ్చి కంచాలు పెట్టినా, పప్పు చల్లారిపోయినా, అతన్ని ఎవరూ ఆపలేదు.